మిరప మంట ఎక్కడ పుడుతుంది? గుంటూరు ఘాటు, నరాలు, మెదడు

ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే గుంటూరు మిర్చి యార్డు దగ్గర గాలే వేరుగా ఉంటుంది. కొత్తవాళ్లు గేటు దాటకముందే దగ్గు మొదలుపెడతారు. ఇటు పల్నాడు, అటు ప్రకాశం పల్లెల్లో కల్లాల మీద కాయలు ఎర్రగా ఆరుతుంటాయి. షెడ్లలో ఆడవాళ్లు వరుసగా కూర్చుని తొడిమలు తీస్తుంటారు, తాలు కాయలు ఏరి పక్కన పెడుతుంటారు. ఈ కొన్నేళ్లుగా రంజాన్ కూడా ఈ రోజుల్లోనే వస్తోంది. రోజాతో పనికి వెళ్లి, జొహర్ నమాజు వేళకు వుజూకి కూర్చుని, మిరపకాయలు పట్టిన చేత్తోనే ముక్కులోకి నీళ్లు ఎక్కిస్తే ఏమవుతుందో ఆ పని చేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మంట అంటాం. కానీ చెయ్యి నిజంగా కాలలేదు. చర్మం ఎర్రబడొచ్చు గానీ, నిప్పు తగిలినట్టు ఏమీ కాలిపోదు. మరి నిప్పు లేకుండా నిప్పు పెట్టినట్టు ఎందుకు ఉంటుంది? ఈ ప్రశ్నకు సరైన జవాబు 1997లో దొరికింది. దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్తకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మిర్చి పండించే, అమ్మే, ఏరే కుటుంబాలకు ఈ సంగతి కాలక్షేపం కబురు కాదు. చేతి మంట దేనితో పోతుంది, ఏ మంటకు ఆస్పత్రికి పరుగెత్తాలి, షుగర్ ఉన్న పెద్దవాళ్ల అరికాళ్లు రాత్రిళ్లు ఎందుకు మండుతాయి అనేవన్నీ ఈ జవాబుతోనే ముడిపడి ఉన్నాయి.

కారం రుచి కాదు

షడ్రుచుల్లో కారాన్ని కూడా లెక్కపెట్టడం మనకు అలవాటు. నరాల శాస్త్రం లెక్క వేరు. నాలుక మీది రుచి మొగ్గలు గుర్తుపట్టేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా మాంసం పులుసులో ఉండే ఉమామి. కారం ఈ జాబితాలో లేదు. పరీక్ష కూడా తేలికే. చక్కెర పట్టిన వేలు కంటికి తగిలితే కంటికి తీపి తెలియదు. కారం పట్టిన వేలు తగిలితే మాత్రం కన్ను మండిపోతుంది. రుచి మొగ్గలు కంట్లో లేవు. నొప్పిని, వేడిని పసిగట్టే నరాల కొసలు మాత్రం కంట్లో, ముక్కులో, నోట్లో, చర్మమంతా ఉన్నాయి. కారం మాట్లాడేది వాటితోనే.

ముఖంలో ఈ పని చూసేది ట్రైజెమినల్ అనే నరం. మెదడు నుంచి బయటికొచ్చే పన్నెండు జతల నరాల్లో ఇది ఐదోది. దీనికి మూడు కొమ్మలు. ఒకటి నుదురు, కన్ను వైపు, ఒకటి చెంప, ముక్కు వైపు, ఒకటి దవడ, నాలుక వైపు వెళ్తాయి. పచ్చిమిర్చి కొరికితే నాలుకతో పాటు ముక్కు కారడం, కళ్లలో నీళ్లు తిరగడం, తల మీద చెమట పట్టడం అందుకే. ‘ఘాటు నషాళానికి అంటింది’ అని ఊరికే అనలేదు పెద్దలు.

మిరపకాయలో ఆ పని చేసే పదార్థం పేరు క్యాప్సైసిన్. 1876లో జాన్ క్లౌ థ్రెష్ అనే ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త దీన్ని దాదాపు శుద్ధంగా తీసి ఈ పేరు పెట్టాడు. చాలామంది ఘాటంతా గింజల్లో ఉందనుకుంటారు. అది తయారయ్యేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి పొరలో. గింజలకు అక్కడినుంచి అంటుతుంది.

ఘాటును కొలిచే పద్ధతి 1912లో వచ్చింది. అమెరికాలోని డెట్రాయిట్‌లో మందుల కంపెనీలో పనిచేసే విల్బర్ స్కోవిల్ మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ పోయి, మంట తెలియకుండా పోవడానికి ఎన్ని రెట్లు కలపాలో మనుషుల చేత రుచి చూపించి లెక్కగట్టాడు. ఇప్పుడు యంత్రాలతో కొలుస్తున్నా యూనిట్ పేరు ఆయనదే. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం ఘాటు సుమారు 35 వేల నుంచి 40 వేల స్కోవిల్ యూనిట్లు. తేజ దానికంటే ఘాటు. శుద్ధ క్యాప్సైసిన్ అయితే కోటీ 60 లక్షలు.

నరం మీద ఉన్న గేటు

1990ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంగణంలో డేవిడ్ జూలియస్ బృందం ఈ పని మీద కూర్చుంది. క్యాప్సైసిన్ నరాన్ని రెచ్చగొడుతుందని అందరికీ తెలుసు. నరం మీద ఏ భాగాన్ని తాకుతుందో ఎవరికీ తెలియదు. నొప్పిని మోసే నరకణాల్లో పనిచేస్తున్న వేలాది జీన్ల ముక్కలను వాళ్లు తీసుకున్నారు. మామూలుగా కారానికి స్పందించని కణాల్లోకి వాటిని గుంపులు గుంపులుగా ఎక్కించారు. ఆ కణాల మీద క్యాప్సైసిన్ పోసి చూశారు. కణంలోకి కాల్షియం వెళ్తే మెరిసే రంగు ముందే కలిపి ఉంచారు. మెరిసిన గుంపును మళ్లీ విడదీసి, అందులోంచి మళ్లీ విడదీసి, చివరికి ఒకే ఒక్క జీన్ దగ్గరికి చేరారు. మన యార్డులో టిక్కీలు తిరగేసి తాలు కాయ పట్టుకున్నట్టే, కాకపోతే ఓపిక ఇంకా చాలా ఎక్కువ కావాలి.

ఆ జీన్ తయారుచేసే ప్రొటీన్‌కు ఇప్పటి పేరు టీఆర్‌పీవీ1. నరకణం పొరలో ఇదొక గేటు. మామూలుగా మూసి ఉంటుంది. క్యాప్సైసిన్ అంటుకోగానే తెరుచుకుంటుంది, కాల్షియం, సోడియం లోపలికి దూకుతాయి, నరంలో కరెంటు పుడుతుంది. అసలు కబురు ఆ తర్వాతి ప్రయోగంలో తెలిసింది. మిరప లేకుండా ఉత్త వేడి తగిలినా, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటగానే ఇదే గేటు తెరుచుకుంటోంది. శరీరాన్ని కాలిపోకుండా కాపాడటానికి పెట్టిన అలారం అది. మిరపకాయ దగ్గర ఆ అలారానికి దొంగతాళం ఉంది. గేటు తెరిచింది నిప్పా, గుంటూరు సన్నమా అన్నది మెదడుకు తెలియదు. దానికి అందే కబురు ఒక్కటే: కాలుతోంది.

ఈ కబురు చాలావరకు వెళ్లేది సన్నటి, పైన తొడుగు లేని నరాల మీదుగా. వాటి వేగం సెకనుకు మీటరు అటూ ఇటూ, అంటే మనిషి నడక వేగం. మిర్చి బజ్జీ కొరికిన వెంటనే ఏమీ అనిపించకపోయినా, కాసేపటికి మంట మెల్లగా పైకి లేస్తుంది. చేతి మంట అయితే వెన్నుపాము దాకా వెళ్లి అక్కడ ఇంకో నరానికి అందుతుంది. నోటి మంట మెదడు కాండానికి పోతుంది. రెండూ చివరికి మెదడు మధ్యలో ఉన్న థాలమస్ చేరతాయి. అక్కడినుంచి దారులు చీలతాయి. ఒక దారి ‘ఎక్కడ మండుతోంది, ఎంత మండుతోంది’ అని లెక్క చెప్పే మెదడు పైపొర భాగానికి. ఇంకో దారి ఇన్సులా లాంటి భాగాలకు, అక్కడ అది బాధగా, చిరాకుగా మారుతుంది. మరో దారి భయాన్ని గుర్తుపెట్టుకునే అమిగ్డలాకు. ఒకసారి కంట్లో కారం పడిన పిల్లాడు మళ్లీ కారం డబ్బా జోలికి జాగ్రత్తగా వెళ్లడం ఈ దారి చేసే పనే.

ఒళ్లు కాలుతోందన్న కబురు రాగానే మెదడు చల్లబరిచే ఏర్పాట్లు కూడా మొదలుపెడుతుంది. చెమట అందుకే. కారం తిన్నాక వేడి చాయ్ తాగితే మంట రెట్టింపు కావడానికి కూడా కారణం ఉంది: క్యాప్సైసిన్ అంటుకుని ఉన్న గేటుకు 43 డిగ్రీలు అక్కర్లేదు, అంతకంటే తక్కువ వేడికే తెరుచుకుంటుంది. ఎండకు చర్మం కమిలిన రోజు గోరువెచ్చని నీళ్లు కూడా కాలినట్టు ఉండటం ఇలాంటిదే. వాపు వచ్చిన చోట ఊరే రసాయనాలు ఈ గేటును సగం తెరిచి ఉంచుతాయి.

ఇలాంటి గేట్లు ఇంకా ఉన్నాయి. పుదీనా చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎం8ను 2002లో జూలియస్ బృందం, ఆర్డెమ్ పటపూటియన్ బృందం విడివిడిగా కనిపెట్టాయి. పటపూటియన్ లెబనాన్ అంతర్యుద్ధంలో బీరూట్‌లో పెరిగి 1986లో అమెరికాకు వలస వెళ్లిన ఆర్మేనియన్. ఒత్తిడిని, స్పర్శను పసిగట్టే గేట్లను కూడా 2010లో ఆయన బృందమే కనిపెట్టింది. 2021 నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆవపిండి ఘాటు ముక్కుపుటాలకు ఎక్కేది టీఆర్‌పీఏ1 అనే మరో గేటు ద్వారా. అంటే ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకున్నవాళ్లు రెండు అలారాలు ఒకేసారి మోగిస్తున్నారన్నమాట.

రామచిలుకకు మంట ఎందుకు లేదు

తోటలో పండుమిర్చిని చిలుక హాయిగా తింటుంది. మేక మాత్రం వాసన చూసి వదిలేస్తుంది. 2002లో జూలియస్ ల్యాబ్ కోడి శరీరంలోని ఇదే గేటును తీసి పరీక్షించింది. వేడికి తెరుచుకుంటోంది గానీ క్యాప్సైసిన్‌కు పలకడం లేదు. తాళం ఆకారంలో చిన్న తేడా. మొక్క వైపు నుంచి చూస్తే ఇది లాభసాటి బేరం. ఎలుకల్లాంటి జంతువులు గింజను నమిలి పాడుచేస్తాయి. పక్షి మింగేసి దూరంగా విసర్జిస్తుంది, అది మొలుస్తుంది. 2000లో చేసిన ఇంకో ప్రయోగం దీన్ని మరో వైపు నుంచి నిరూపించింది. టీఆర్‌పీవీ1 జీన్ లేకుండా పుట్టించిన ఎలుకలు కారం నీళ్లను మామూలు నీళ్లలా తాగేశాయి.

కల్లంలో చేతుల మంటకు

చేతులు మండగానే అందరూ చేసే పని కుళాయి కింద పెట్టడం. చల్లదనం వల్ల కాసేపు హాయిగా ఉంటుంది, చెయ్యి తీయగానే మళ్లీ మొదలు. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. 1987లో అమెరికాలో మిరపకాయలతో పనిచేసి చేతులు మండినవాళ్ల మీద చేసిన పరిశీలనలో, చన్నీళ్ల కంటే వంటనూనెలో చేతులు ముంచినవాళ్లకు ఉపశమనం ఎక్కువసేపు నిలిచింది. కాబట్టి క్రమం ఇది: ముందు ఏదైనా వంటనూనె బాగా రాసి గుడ్డతో తుడవాలి, తర్వాత సబ్బుతో రుద్ది కడగాలి, నీళ్లు చివర్లో. రోజా ఉన్నవాళ్లు వుజూకి ముందు ఈ రెండు నిమిషాల పని చేసుకుంటే ముక్కు, కళ్లు చాలావరకు బతికిపోతాయి. గోళ్ల సందుల్లో మిగిలిపోతుంది, అక్కడ ప్రత్యేకంగా చూసుకోవాలి. పాలిచ్చే తల్లులైతే ఇంటికెళ్లి బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు కడగడంతో పాటు పని చీర కూడా మార్చుకోవడం మంచిది.

కంట్లో పడితే నూనె పనికిరాదు. శుభ్రమైన నీళ్లతో పదిహేను, ఇరవై నిమిషాల పాటు కడుగుతూనే ఉండాలి, రుద్దకూడదు. ఆ తర్వాత కూడా చూపు మసకగా ఉంటే కంటి డాక్టరు దగ్గరికి.

నోటి మంటకు పాలు, పెరుగు. పాలలోని కేసీన్ ప్రొటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని నరం దగ్గర్నుంచి లాక్కెళ్తుంది. 2019లో పెన్సిల్వేనియాలో రకరకాల పానీయాలు పోల్చి చూస్తే వెన్న తీసిన పాలైనా, తీయని పాలైనా బాగా పనిచేశాయి. తియ్యటి పానీయం కూడా మంచి ఫలితమే ఇచ్చింది, సోడా రకాలు వెనకబడ్డాయి. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద మిర్చి బజ్జీల పక్కన రూహ్ అఫ్జా కలిపిన పాలు పెట్టే ఇళ్లు శాస్త్రం చదవకుండానే రెండు మందులూ ఒకే గ్లాసులో పోస్తున్నాయి.

దగ్గు సంగతి ఇంకాస్త గట్టిది. గొంతులో, ఊపిరి గొట్టాల్లో ఉండే వేగస్ నరం కొసల మీద కూడా ఈ గేట్లు ఉన్నాయి. దగ్గు మీద పరిశోధన చేసే డాక్టర్లు దగ్గు తెప్పించడానికి క్యాప్సైసిన్ ఆవిరినే వాడతారు. మిరప ఫ్యాక్టరీ కార్మికులు మిగతావాళ్ల కంటే ఎక్కువగా దగ్గుతో బాధపడుతున్నారని 1991లోనే అమెరికాలో ఒక వైద్య పత్రికలో వచ్చింది. చీర కొంగు, దుపట్టా, రుమాలు పెద్ద పొడిని ఆపుతాయి, సన్నటి ధూళిని ఆపలేవు. ముక్కుకు అంటుకుని ఉండే ఎన్95 మాస్కు మేలు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ పని అసలు సరిపడదు. రోజుకూలీ మనిషికి మాస్కు కొనుక్కోమని చెప్పడం తేలిక. అది ఇవ్వాల్సింది పని చేయించుకునేవాళ్లు.

ఈ మంట వేరు, మందు కొట్టినప్పటి మంట వేరు

ఇది చదివేవాళ్లలో పత్తి, మిరప చేలల్లో మందు కొట్టేవాళ్లు ఉంటే ఈ భాగం జాగ్రత్తగా చూడాలి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మిరప తోటలను నాశనం చేసినప్పటి నుంచి మందు కొట్టడం ఇంకా పెరిగింది. పురుగుమందులు కూడా నరాల మీదే పనిచేస్తాయి. పురుగు నరానికీ మనిషి నరానికీ ఈ విషయంలో తేడా తక్కువ.

సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్ లాంటి పైరెత్రాయిడ్ మందులు నరంలో సోడియం గేటును మూసుకోనివ్వవు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో, తెల్లదోమ విరుచుకుపడక ముందు, ఇవే విపరీతంగా కొట్టారు. ఇవి ముఖం మీద పడితే కొన్ని గంటల పాటు చీమలు కుట్టినట్టు, కారం రాసినట్టు మండుతుంది. సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతుంది.

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ల కథ వేరు. ఇవి మంట పెట్టవు, అదే ప్రమాదం. నరం నుంచి కండరానికి కబురు మోసే అసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని పని అయ్యాక శుభ్రం చేసే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. ఈ మందులు దాన్ని కట్టేస్తాయి. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, కళ్ల నీళ్లు, వాంతి, విరేచనం, గురగుర శబ్దంతో ఊపిరి, కండరాలు అదరడం, కంటిపాప సూది మొనంత చిన్నదైపోవడం దీని గుర్తులు. కారం పడినప్పుడు కూడా కన్ను, ముక్కు కారతాయి కాబట్టి కొందరు ‘ఘాటు కొట్టింది, పడుకుంటే పోతుంది’ అనుకుంటారు. వాంతి, చొంగ, ఊపిరి ఇబ్బంది కలిసి కనిపిస్తే అది ఘాటు కాదు. తడిసిన బట్టలు విప్పేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేసి, మందు డబ్బాను కూడా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు. ఆస్పత్రిలో అట్రోపిన్ ఇస్తారు, అది ఎంత త్వరగా పడితే అంత మంచిది. డబ్బా మీద త్రికోణం రంగు చూసుకునే అలవాటు కూడా కావాలి: ఎరుపు అన్నింటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

మంటను ఎందుకు ఇష్టపడతాం

ఇది నరాల శాస్త్రంలో సరదా ప్రశ్న, అంత తేలిక ప్రశ్న మాత్రం కాదు. మెదడు ‘కాలుతోంది, వదిలెయ్’ అని చెబుతుంటే మనిషి ఇంకో ముక్క కొరుకుతాడు. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ 1980 ప్రాంతంలో మెక్సికో పల్లెలో దీన్ని చూశాడు. అక్కడి పిల్లలు పుట్టుకతో కారం ఇష్టపడేవాళ్లు కారు. ఇంట్లో ఎవరూ బలవంతం చేయరు, పెద్దవాళ్లు తింటుంటే చూసి, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ ఐదారేళ్లకు అలవాటు పడతారు. అదే పల్లెలో కుక్కలు, పందులు రోజూ కారం కలిసిన ఎంగిలి తింటూ పెరిగినా, ఎంచుకునే అవకాశమిస్తే కారం లేనిదే ముందు తిన్నాయి. ప్రమాదం లేదని తెలిసి ప్రమాదపు భావాన్ని ఆస్వాదించడం మనిషి ప్రత్యేకత అని ఆయన వాదన. జెయింట్ వీల్ ఎక్కి కేకలు పెట్టడం లాంటిదే.

దీనికి తోడు నరాలు కూడా కొంత మొద్దుబారతాయి. గేటు పదేపదే తెరుచుకుంటే నరం కొస అలసిపోయి కొంతకాలం పలకదు. హంగరీలోని సెగెద్ నగరంలో మిక్లోష్ యాంచో అనే శాస్త్రవేత్త 1940ల్లోనే జంతువుల్లో దీన్ని గమనించాడు. అత్తారింటికి కొత్తగా వచ్చిన హైదరాబాదీ కోడలికి గుంటూరు గొడ్డుకారం మొదటి నెల ఏడిపించి తర్వాత అలవాటైపోవడంలో కొంత మనసు, కొంత నరం.

నొప్పి తెలియని పిల్లాడు

నొప్పే లేకపోతే బాగుండునని మంట పుట్టినప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది. ఉత్తర పాకిస్తాన్‌లో అలా పుట్టిన పిల్లాడు ఒకడు ఉండేవాడు. పదేళ్ల వయసుకే వీధి ప్రదర్శనలిచ్చేవాడు. చేతుల్లోంచి కత్తులు దించుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు, నొప్పి తెలిసేది కాదు. పరిశోధకులు అతన్ని చూడకముందే, పద్నాలుగో పుట్టినరోజున ఇంటి కప్పు మీదినుంచి దూకి చనిపోయాడు. మూడు కుటుంబాల్లో కలిపి ఆరుగురు పిల్లల్లో ఇదే లక్షణం కనిపించింది. వాళ్లలో కాలిన మచ్చలు, కొరుక్కున్న నాలుకలు, విరిగిన ఎముకలు కనిపించాయి. 2006లో వెలువడిన ఆ పరిశోధన ఎస్‌సీఎన్9ఏ అనే జీన్‌లో లోపాన్ని పట్టుకుంది. టీఆర్‌పీవీ1 తెరుచుకున్నాక ఆ కబురును నరం పొడవునా ముందుకు తోసే సోడియం గేట్లలో ఒకటి ఆ జీన్ తయారుచేసేదే. ఆ గేటు లేకపోతే అలారం మోగినా చప్పుడు మెదడుకు చేరదు. లోపమున్న జీన్ తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తేనే ఇలా అవుతుంది. దగ్గరి చుట్టరికంలో పెళ్లిళ్లయిన కుటుంబాల్లో అలా వచ్చే అవకాశం ఎక్కువ.

ఆ దారిలోనే మందులు కూడా మొదలయ్యాయి. సోడియం గేట్లలో ఇంకొకదాన్ని మూసే సుజెట్రిజిన్ అనే నొప్పి మాత్రకు 2025 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. మిరప గేటు టీఆర్‌పీవీ1ను మూసే మందులు మాత్రం పరీక్షల్లోనే చిక్కుకున్నాయి. వేసుకున్నవాళ్లలో కొందరికి ఒంటి వేడి ప్రమాదకరంగా పెరిగింది. వేడి వస్తువు ముట్టుకున్నా వేడి తెలియకపోవడం ఇంకో చిక్కు.

షుగర్ పాదాలు, మిరప ప్యాచ్

షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే సన్నటి నరాలు దెబ్బతింటాయి. ముందు దెబ్బతినేవి అన్నిటికంటే పొడవైనవి, అంటే కాలి వేళ్ల దాకా వెళ్లేవి. దెబ్బతిన్న నరం ఏ నిప్పూ తగలకుండానే తప్పుడు కబుర్లు పంపుతుంది. దాదీజీ రాత్రి దుప్పటి బయట కాళ్లు పెట్టి ‘అరికాళ్లలో నిప్పులు పోసినట్టుంది’ అంటే అది వయసు వల్ల వచ్చే సణుగుడు కాదు, షుగర్ నరాలను తింటోందన్న సంకేతం.

ఇక్కడ మిరపకాయే మందుగా వచ్చింది. ఎక్కువ మోతాదులో క్యాప్సైసిన్ ఒకేసారి పడితే నరం కొసలు వెనక్కి ముడుచుకుని నెలల పాటు కబుర్లు పంపడం మానేస్తాయి. 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న ప్యాచ్‌కు అమెరికాలో 2009లో, సర్పి తగ్గాక మిగిలే నరాల నొప్పికి అనుమతిచ్చారు. షుగర్ పాదాల నొప్పికి 2020లో ఇచ్చారు. దాన్ని ఆస్పత్రిలోనే, చర్మానికి ముందు మత్తు రాసి, పాదాలకైతే అరగంట ఉంచి తీసేస్తారు. మూడు నెలల లోపు మళ్లీ వేయరు. మందుల షాపుల్లో దొరికే క్యాప్సైసిన్ క్రీములు చాలా పలచన, 0.025 నుంచి 0.075 శాతం. అవి కూడా డాక్టరు చెప్పాకే, పుండు లేని చర్మం మీదే. ఇది విని ఇంట్లో కారం నూరి పాదాలకు పట్టించడం మాత్రం ఎవరూ చేయొద్దు. ఆ ముద్దలో మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు, షుగర్ పాదం మీద చిన్న పొక్కు కూడా పుండుగా మారుతుంది.

మంట కంటే భయపడాల్సింది మంట ఆగిపోవడానికి. మందు లేకుండానే అరికాళ్ల మంట దానంతటదే తగ్గి, మొద్దుబారినట్టు అయితే బాగైందని సంబరపడకూడదు. కబురు పంపే నరం చచ్చిపోయి ఉండొచ్చు. అప్పుడు చెప్పులో గులకరాయి ఉన్నా, బకెట్‌లో నీళ్లు మరుగుతున్నా తెలియదు. ఆస్పత్రిలో డాక్టరు సన్నటి నైలాన్ దారాన్ని అరికాలికి ఆనించి తగులుతోందా అని అడుగుతారు, ఐదు నిమిషాల పరీక్ష. షుగర్ ఉన్న ప్రతివాళ్లు ఏడాదికోసారి చేయించుకోవాలి.

ఇంట్లో చేసుకునేది ఇంకా తేలిక. నమాజీ మనిషి రోజుకు ఐదుసార్లు కాళ్లు కడుగుతాడు. అందులో ఒక్కసారైనా, ఫజర్‌కు కాకపోతే అసర్‌కు, వెలుతురులో అరికాలు తిప్పి చూసుకోవాలి, వంగలేకపోతే అద్దం పెట్టుకోవచ్చు లేదా పిల్లల చేత చూపించుకోవచ్చు. కడిగాక వేళ్ల సందులు పొడిగా తుడవాలి. చలికాలంలో వేడినీళ్లు తోడుకున్నప్పుడు వేడి సరిపోయిందో లేదో పాదంతో కాకుండా మోచేతితో చూసుకోవాలి. అక్కడి నరాలు పాదాల నరాలకంటే ఆలస్యంగా దెబ్బతింటాయి.